పాట రికార్డయితే నుడి నిలుస్తుందా?

(పావగడలో సరిహద్దు తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాటకూ నుడికీ ఉన్న సంబంధం గురించి మాట్లాడమని నన్ను ఆదేశించారు. ఈ అంశం ఇస్తే వక్తలు సాధారణంగా తెలుగు పాట తియ్యదనాన్ని వర్ణించి కూర్చుంటారు. ఆ తియ్యదనం గురించి మీకు నేను చెప్పవలసింది ఏమీ లేదు. నేను మాట్లాడదలచుకున్నది అంతకన్నా మొరటు సంగతి. పాటను పట్టి ఉంచే రికార్డు, ఆ రికార్డును తెచ్చే సంస్థ, ఆ సంస్థ వెనుక నిలబడే డబ్బు, పట్టుదల. ఇవి ఉన్నచోట ఏమయింది, లేనిచోట ఏమయింది అన్నదే నా ప్రసంగ విషయం.

మన పొరుగునుండే మొదలుపెడతాను. అనంతపురం జిల్లా కంబదూరు మండలంలో రాళ్ళపల్లి అనే ఊరుంది. సంగీత సాహిత్యాలు రెండింటిలోనూ అంతటి విద్వాంసుడు మరొకరు లేరనిపించుకున్న రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1893లో పుట్టింది అక్కడే. 1912 నుండి 1949 వరకు ఆయన మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పారు. కన్నడ రాజధానిలో కూర్చుని తెలుగు చెప్పి, ఇరుభాషల వారి గౌరవమూ పొందారు. సరిహద్దు మనిషి ఎట్లా బతకాలో ఆయన జీవితం చూస్తే చాలు. ఆ తర్వాత తిరుపతికి వెళ్ళి, తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలకు స్వరరచన చేసే పని తలకెత్తుకున్నారు.

ఆ పని ఎందుకు అవసరమైందో కొంచెం ఆలోచించండి. తిరుమల ఆలయంలో రాగిరేకుల మీద వేలాది సంకీర్తనలు చెక్కి ఉన్నాయి. 1922లో వాటిని వెలికితీశారు. ప్రతి పాటకూ రాగం పేరు కూడా చెక్కి ఉంది. కాని ఆ రాగంలో ఆ పాటను అన్నమయ్య ఎట్లా పాడారో చెప్పే స్వరం లేదు. నాలుగైదు శతాబ్దాల పాటు రాగి మీద మాట నిలిచింది, గొంతు నిలవలేదు. బాణీ పోయిన పాటకు మళ్ళీ బాణీ కట్టవలసి వచ్చింది. రాళ్ళపల్లివారి వంటి విద్వాంసులు దొరికారు గనుక, తిరుమల తిరుపతి దేవస్థానం వంటి సంపన్న సంస్థ వెనుక నిలిచింది గనుక అది సాధ్యమైంది. 1980 ప్రాంతంలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు పాడిన సంకీర్తనలు దేవస్థానం ప్రోత్సాహంతో గ్రామఫోను రికార్డులుగా వచ్చి ఇంటింటా మోగాయి. ఈనాడు మనం అన్నమయ్య పాట అని పాడుకొనే దానిలో మాట ఆయనది, బాణీ ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దపు వారిది. ఇది విచారించవలసిన సంగతే. మన పల్లెల్లోని పాటలకు రాగిరేకులూ లేవు, దేవస్థానమూ లేదు.

ఇక చాలా దూరం పోదాం. పసిఫిక్ మహాసముద్రం నడుమ హవాయి దీవులున్నాయి. హవాయి గిటారు అనే మాట మీలో పెద్దవారు విని ఉంటారు. ఒళ్ళో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కుకడ్డీ జార్చి వాయించే గిటారు అది. 1940లలో టౌ మో అనే హవాయి సంగీతకారుడు కలకత్తాలో ఉండి దానిని మనదేశంలో ప్రచారం చేశాడు. తర్వాత సినిమా పాటల్లోకి, చివరకు బ్రిజ్‌భూషణ్ కాబ్రా గారి చేతిలో శాస్త్రీయ సంగీతంలోకి వచ్చింది. ఆ వాయిద్యం ఇంత దూరం ప్రయాణించింది. అది పుట్టిన నేల మీది భాష మాత్రం అప్పటికి కొనఊపిరితో ఉంది.

ఏమి జరిగిందంటే, 1893లో అక్కడి రాణి లిలియువొకలానిని అమెరికా వ్యాపారులు గద్దె దింపారు. ఆమె స్వయంగా పాటలు కట్టిన మనిషి. 1896లో కొత్త ప్రభుత్వం బడుల్లో బోధన ఇంగ్లీషులోనే సాగాలని చట్టం చేసింది. ఇంటి భాష బడిలో మాట్లాడిన పిల్లలకు శిక్షలు పడ్డాయి. ఇది మనకు కొత్త కథ కాదు. విచిత్రం ఏమిటంటే, సరిగ్గా ఆ కాలంలోనే హవాయి పాట ప్రపంచమంతా అమ్ముడుపోయింది. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ప్రదర్శనలో హవాయి వాయిద్యం విని అమెరికా ప్రజలు వెర్రెత్తిపోయారు. మరుసటి ఏడు విక్టర్ కంపెనీ రికార్డుల్లో అన్నిటికన్నా హవాయి పాటలే ఎక్కువ అమ్ముడయ్యాయని చెబుతారు. అయితే ఆ పాటల్లో చాలా భాగం ఇంగ్లీషులో, హవాయి చూడనివారు కూడా కట్టినవి. మధ్యమధ్య రెండు హవాయి మాటలు, తాళింపులో కరివేపాకులాగా. పాట పేరు ఆ జాతిది, లాభం కంపెనీది. ఆ పాటలకు చిందులేసిన ప్రపంచం ఆ జాతి పిల్లల నోట ఇంటిభాష ఆగిపోతున్నదని గమనించనే లేదు.

కాబట్టి పాట అమ్ముడుపోవడం వేరు, నుడి బతకడం వేరు. ఈ తేడాను గట్టిగా పట్టుకొమ్మని కోరుతున్నాను. మన సంగతి మాట్లాడేటప్పుడు ఇది మళ్ళీ వస్తుంది.

మార్పు అక్కడి మనుషులతోనే వచ్చింది. అక్కడ గిటారు తీగలను వదులు చేసి తమదైన శ్రుతిలో వాయించే ఒక పద్ధతి ఉంది. 1830లలో పశువుల మందలను సాకడానికి వచ్చిన మెక్సికో కాపరుల దగ్గర గిటారు నేర్చుకొని, దానిని తమ పాటకు అనుగుణంగా మలచుకున్నారు. ఒక్కో కుటుంబానికి ఒక్కో శ్రుతి. ఆ శ్రుతి ఇంటి గుట్టు, బయటివారి ముందు తీగలు సడలించి మరీ గిటారు పక్కన పెట్టేవారట. గుట్టు కాపాడుకోవాలనే ఆ పట్టింపు వల్లనే ఎన్నో శ్రుతులు మనిషితోపాటు మట్టిలో కలిసిపోయాయి. 1940ల నడుమ గాబీ పహినుయి అనే ఆయన ఆ పద్ధతిలో వాయిస్తూ, హవాయి నుడిలోనే పాడిన పాటను ఒక చిన్న స్థానిక సంస్థ రికార్డు చేసింది. గాబీ పెద్ద చదువు చదివినవాడు కాదు. హొనొలులు నగరపాలక సంస్థలో రోడ్డు పనివాడుగా బతుకు వెళ్ళదీసినవాడు. ఇంట్లో దాచుకున్నది బయట పెట్టవచ్చునన్న ధైర్యం ఆ రికార్డు వల్ల కలిగింది.

1947లో అక్కడే హూలా రికార్డ్స్ అనే సంస్థ మొదలైంది. 1966లో హవాయి పాటలకే అంకితమైన రేడియో కేంద్రం వచ్చింది. 1969లో పీటర్ మూన్, రాబర్ట్ కాజిమెరో, రోలండ్ కాజిమెరో అనే ముగ్గురు యువకులు పాత హవాయి పాటలను కొత్త వాయిద్యాలతో, కొత్త ఊపుతో పాడగా, హూలా రికార్డ్స్ దానిని విడుదల చేసింది. పాత పాటను అద్దాల బీరువాలో పెట్టి పూజించడం కాదు అది. తమ వయసు పిల్లలు విని తల ఊపేటట్లు పాడారు. హవాయి పునరుజ్జీవనానికి ఆ రికార్డును మొదటి గంటగా చెప్పుకుంటారు. 1978లో హవాయి భాష ఇంగ్లీషుతోపాటు ఆ రాష్ట్రపు అధికార భాష అయింది. 1983లో కొందరు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కలిసి ‘భాషా గూడు’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక సంస్థను ఏర్పరచుకొని, మరుసటి ఏడు తొలి బాలబడి తెరిచారు. అప్పటికి ఆ భాష మాట్లాడే చిన్నపిల్లలు యాభైమందికి మించి లేరని ఆ సంస్థవారే చెప్పుకున్నారు. ప్రభుత్వ బడులలో ఆ భాషకున్న అడ్డంకి 1986లో తొలగింది.

ఇక్కడ నిజం నిజంగా చెప్పుకోవాలి. రికార్డు ఆ భాషను కాపాడలేదు. కాపాడింది బడి. కాని బడి కావాలని తల్లిదండ్రులకు అనిపించడానికి ముందు, తమ నుడి సిగ్గుపడవలసింది కాదని అనిపించాలి. ఆ పని రికార్డు చేసింది. బడికి ముందు పాట నడిచింది.

ఆ పని ఇప్పటికీ సాగుతూనే ఉంది. జార్జ్ విన్‌స్టన్ అనే అమెరికా పియానో విద్వాంసుడు 1994 నుండి తన సంస్థ ద్వారా, పైన చెప్పిన ఇంటి శ్రుతులు తెలిసిన పెద్దలను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి వరుసగా రికార్డులు తెచ్చాడు. ఈమధ్య కాలంలో రోజర్ బాంగ్ అనే హొనొలులు యువకుడు, 1970–80లలో స్థానిక యువకులు కొద్ది ప్రతులు మాత్రమే వేసుకొని మరచిపోయిన ఆధునిక సంగీతాన్ని వెతికి, పాడినవారిని కలిసి అనుమతి తీసుకొని, మళ్ళీ రికార్డులుగా తెస్తున్నాడు. ఆయన సంస్థ పేరు అలోహా గాట్ సోల్. నలభయ్యేళ్ళ కింద కొందరే విన్న పాటను ఇప్పుడు జపాన్ వారు, ఐరోపా వారు కొంటున్నారు. అందులో చాలా పాటలు ఇంగ్లీషువే, అది మరచిపోకూడదు. అయినా ఆ నేల మనుషుల ఆధునిక పాటకు ఒక చరిత్ర ఉన్నదని, అది పర్యాటకుల కోసం కట్టిన వేషం కాదని రుజువైంది.

ఇక మన సంగతి. మనకు రికార్డులు కొరతా? కాదు. గ్రామఫోను వచ్చిన తొలి దశాబ్దాల్లోనే తెలుగు పాట, తెలుగు పద్యం లక్క రికార్డు ఎక్కాయి. కన్నడదేశంలో పుట్టి తెలుగు పాడి, తెలుగు కావ్యాన్ని పరిష్కరించి అచ్చువేసిన బెంగుళూరు నాగరత్నమ్మగారు రికార్డు ఇచ్చారు. కపిలవాయి రామనాథశాస్త్రిగారి నాటక పద్యాలు పెట్టె పాటలై ఊరూరా మోగాయి. బళ్ళారి రాఘవగారి పేరు తెలియని సరిహద్దు తెలుగువాడు ఆ కాలంలో లేడు. శంకరంబాడి సుందరాచారిగారి ‘మా తెలుగు తల్లికి’ గీతం 1942లో ‘దీనబంధు’ చిత్రం కోసం రాసిందని చెబుతారు. దానిని జనం గొంతుకు ఎక్కించింది మాత్రం టంగుటూరి సూర్యకుమారిగారి గ్రామఫోను రికార్డు. ఒక ప్రాంతపు ప్రజలందరూ లేచి నిలబడి పాడే గీతం ప్రభుత్వ ఉత్తర్వు నుండి రాలేదు, మూడు నిమిషాల రికార్డు నుండి వచ్చింది. 1975 ప్రపంచ తెలుగు మహాసభలకు ఆమెనే లండను నుండి పిలిపించి పాడించుకున్నాం.

అదే కాలంలో సాలూరి రాజేశ్వరరావుగారు, రావు బాలసరస్వతీదేవిగారు కలిసి పాడిన లలితగీతాల రికార్డులు వచ్చాయి. సినిమాతో నిమిత్తం లేని ఆధునిక తెలుగు పాట అది. ఆరేళ్ళ వయసులో తొలి రికార్డు ఇచ్చిన బాలసరస్వతీదేవిగారు 2025 అక్టోబరులో తొంభై ఏడో ఏట కన్నుమూశారు. వింజమూరి సీత, అనసూయ అక్కచెల్లెళ్ళు పల్లెపాటను వేదిక మీదికీ రేడియోలోకీ తెచ్చారు. పల్లెపాట పాడితే పరువు తక్కువ అనుకొనే రోజుల్లో చేసిన సాహసం అది. అనసూయాదేవిగారు అమెరికాలోని హ్యూస్టనులో స్థిరపడి, 2019లో అక్కడే మరణించే వరకు ఆ పాటనే పట్టుకొని ఉన్నారు.

ఆ తర్వాత లలితగీతం రేడియోను నమ్ముకుంది. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావుగారు అక్కడ ‘భక్తిరంజని’ నడిపారు. హైదరాబాదులో దేవులపల్లి కృష్ణశాస్త్రి, పాలగుమ్మి విశ్వనాథం, చిత్తరంజన్ గార్లు ఎంత సృష్టించారో ఆనాటి శ్రోతలకే తెలుసు. ‘ఈ పాట నేర్చుకుందాం’ కార్యక్రమం వింటూ పలకాబలపం పట్టుకొని పాట రాసుకున్న పిల్లలు ఈ సభలో ఇప్పుడు తాతలై, అవ్వలై ఉంటారు. అయితే రేడియో ప్రసారం గాలిలోది. టేపుల కొరత వల్ల ఒక కార్యక్రమాన్ని చెరిపి మరొకటి నింపడం కేంద్రాల్లో మామూలు. రేడియో మన పాటను పెంచింది, కాని ఇంటికి తీసుకుపోయి దాచుకొనే వస్తువుగా మన చేతికి ఇవ్వలేదు. రికార్డు కంపెనీలకు సినిమా పాట ఉండగా లలితగీతంతో పని ఏమి? ఘంటసాలగారు కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ పాడినట్లుగా ఒక మహాగాయకుడు పూనుకుంటే తప్ప కవి పద్యం రికార్డు మెట్లెక్కలేదు.

మన కన్నడ సోదరులు ఈ మెలకువ ముందుగా చూపారు. పి. కాళింగరావుగారు వేసిన దారిలో మైసూరు అనంతస్వామిగారు నడిచారు. కె.ఎస్. నిసార్ అహమద్ గారి కవితలతో 1978లో వచ్చిన ‘నిత్యోత్సవ’ను కన్నడ భావగీతాల తొలి క్యాసెట్టుగా చెప్పుకుంటారు. ఆ తర్వాత సి. అశ్వత్థ్ గారు శిశునాళ షరీఫుల తత్త్వాలనూ, కె.ఎస్. నరసింహస్వామిగారి ప్రేమకవితలనూ క్యాసెట్లుగా ఇంటింటికీ చేర్చారు. 2005లో ఆయన బెంగళూరు రాజభవన మైదానంలో భావగీతాల సభ పెడితే జనం లక్ష దాటారని పత్రికలు రాశాయి. కవిత్వం వినడానికి లక్షమంది! అసూయ కలిగితే తప్పులేదు. మన పావగడ పిల్లలకు కువెంపు, బేంద్రేల పాట నోటికి వచ్చినట్లు కృష్ణశాస్త్రి పాట రాదంటే, అందులో బడి పాత్ర ఎంతో క్యాసెట్టు పాత్ర అంత. దానికి కన్నడాన్ని నిందించి లాభం లేదు. కన్నడం మనకు చదువూ, అన్నమూ ఇచ్చే భాష. దానితో మనకు తగవు లేదు. వారు చేసుకున్నది మనం చేసుకోలేదు, అంతే.

‘బెంగళూరులో ఎక్కడ చూసినా తెలుగు పాటే మోగుతోంది గదా, ఇంకా ఈ ఏడుపు ఎందుకు’ అని ఒక మిత్రుడు నన్ను అడిగాడు. నిజమే. 2023లో ఆస్కారు గెలిచిన ‘నాటు నాటు’ పాటను మార్కెట్టులోకి తెచ్చిన సంస్థల్లో ఒకటి బెంగళూరుకు చెందిన లహరి. తెలుగు పాట మీద కర్ణాటకలో వ్యాపారం నడుస్తోందని దీనికన్నా సాక్ష్యం అక్కరలేదు. కాని 1916 నాటి హవాయి సంగతి ఇందాకే చెప్పాను. ఆ పాటకు గంతులేసే మన మనుమడు, దాని మాటలను కన్నడ లిపిలోనో ఇంగ్లీషు లిపిలోనో రాసుకొని నేర్చుకుంటున్నాడు. మార్కెట్టు తెలుగు పాటను బతికిస్తుంది. మన ఇంటి తెలుగును బతికించే పూచీ దానికి లేదు.

మన ఇంటి తెలుగు అంటే ఏది? మూడు వైపులా ఆంధ్రదేశం ఆనుకొని, కర్ణాటకలో ఉన్న ఈ గడ్డ తెలుగు. బావి గట్టున ఎద్దులను ముందుకూ వెనక్కూ నడుపుతూ కపిల తోలేవాడు పాడిన పాట. నీళ్ళు పైకి వచ్చేదాకా ఒక చరణం, బాన కిందికి దిగేటప్పుడు ఒక దీర్ఘం. బావులు ఎండి బోర్లు వచ్చాక ఆ పాటకు పని పోయింది. విసురుడు పాటకు, దంపుడు పాటకు మరలు వచ్చి పని పోయింది. తిరుమణి, వళ్ళూరు చుట్టూ 13,000 ఎకరాల్లో సౌరవిద్యుత్ పలకలు పరచుకున్నాయి. 2,050 మెగావాట్ల కరెంటు వస్తోంది. భూమికి కౌలు వస్తోంది, సంతోషం. కాని వేరుసెనగ విత్తేటప్పుడూ, కలుపు తీసేటప్పుడూ పాడిన పాట ఆ పలకల కింద ఎవరు పాడతారు? పాడినవారు ఉన్నారు. గొర్రు, గుంటక, మేడి, కాడి అన్న మాటలు ఆ పాటల్లో ఇంకా సజీవంగా ఉన్నాయి. ఏ సినిమా పాటలోనూ దొరకని మాటలవి. కోలాటం, చెక్కభజన, పల్లె నాటకాల పద్యాలు ఇంకా ఊళ్ళలో వినిపిస్తూనే ఉన్నాయి.

అందుకని నా సూచన ఇది. పెద్ద సంస్థ కోసం ఎదురుచూడక, మనమే ఒక చిన్న రికార్డింగు సంస్థ పెట్టుకుందాం. ఈ రోజుల్లో దానికి కావలసింది ఒక మంచి మైకు, ఒక కంప్యూటరు, గాలీ కోడీ అరుపూ కొంచెం తక్కువగా ఉండే ఒక గది. హవాయివారు చేసినట్లు రెండు పనులూ కలిసి జరగాలి. పెద్దల గొంతు ఉన్నదున్నట్లు పట్టాలి. మన యువకుల చేత అదే పాటను వారికి నచ్చిన వాయిద్యాలతో కొత్తగా పాడించాలి. గిటారుతో పాడితే పల్లెపాట మైలపడుతుందని పెద్దలు ఆక్షేపించకండి. ఇందాక చెప్పిన హవాయి పద్ధతి గిటారు మాత్రం పరాయిది కాదా?

హక్కుల సంగతి ముందే తేల్చుకోవాలి. మన చట్టం ప్రకారం రికార్డు మీద హక్కు, అది విడుదలైన ఏడాది తర్వాత అరవై ఏళ్ళు ఉంటుంది. కాబట్టి 1950ల నాటి పాత రికార్డు ధ్వని ఇప్పుడు ఎవరైనా వాడుకోవచ్చు. కాని సాహిత్యం, స్వరం మీద హక్కు ఆ కర్త మరణించాక అరవై ఏళ్ళు. శంకరంబాడివారు 1977లో పోయారు గనుక వారి సాహిత్యం 2037 చివరి వరకు వారసులదే. పాత లలితగీతాలను తిరిగి తేదలచుకుంటే ఆ కుటుంబాలను అడిగే తేవాలి. పల్లెపాటకు కర్త పేరు తెలియదు. తెలియదు గనుక పాడిన అవ్వకు ఏమీ ఇవ్వనక్కరలేదనే అన్యాయం మనం చేయరాదు. ఆమె పేరు, ఊరు రికార్డు మీద ఉండాలి, వచ్చినదానిలో భాగమూ ఆమెకు చేరాలి.

మీ ఇళ్ళలో ట్రంకుపెట్టెల అడుగున పాత క్యాసెట్లు ఉంటాయి. పెళ్ళిపాటలు, నాటకాలు, పోయినవారి గొంతులు ఉంటాయి. వాటిని పాత టేప్‌రికార్డరులో పెట్టి ఆడించి చూడకండి. బూజు పట్టిన టేపు ఒకసారి తెగితే అంతే. తేమ తగలకుండా ఉంచి, ఎక్కించే ఏర్పాటు అయ్యాక తీసుకురండి. పని ముందుగా వై.ఎన్. హొసకోట మగ్గాల ఇళ్ళ నుండి మొదలుపెడదామని నా అభిప్రాయం. అక్కడ పెద్దవారిని పగటిపూట ఇంటి పట్టునే కలుసుకోవచ్చు, పిల్లలకు సాయంత్రం తీరిక ఉంటుంది.

రికార్డు చేయబోయే యువకులకు ఒక మాట. అవ్వ పాట మధ్యలో ఆపి, ‘ఏమప్పా, నీళ్ళు తాగినావా’ అని మిమ్మల్ని అడిగితే ఆ మాటను కత్తిరించకండి. చరణం మరచిపోయి, పక్కనున్న తోడికోడలిని అడిగి, ఇద్దరూ నవ్వుకొని మళ్ళీ ఎత్తుకుంటే, ఆ అడగడాన్నీ ఆ నవ్వునూ కూడా ఉంచండి.